పెసలు నానబెట్టినట్టే పని కూడా

పొద్దున పెసరట్టు కావాలంటే పెసలు రాత్రే నానబెడతాం కదా. నేను పనిని కూడా అలాగే నానబెడుతున్నాను. ఇంటి నుంచే అనువాదాలు చేస్తుంటాను. అడిగేవాళ్లు లేరు కాబట్టి ఇదివరకు టీ, ఫోను, మళ్లీ టీ అంటూ పదకొండు అయ్యేది.

ఇప్పుడు రాత్రి కుర్చీలోంచి లేచే ముందు ఒక వాక్యాన్ని కావాలనే సగంలో వదిలేస్తాను. "14వ పేజీ, రెండో పేరా, 'కౌలు' అన్న మాట సరిచూడాలి" అని చీటీ రాసి కీబోర్డు మీద పెడతాను. "అనువాదం పూర్తి చేయాలి" అని రాస్తే మాత్రం లాభం లేదు, అది చూస్తేనే నీరసం. చెయ్యి ఎక్కడ పెట్టాలో చీటీలో ఉండాలి. పొద్దున ఆ సగం వాక్యం పూర్తి చేస్తే చాలు, మిగతాది దానంతట అదే కదులుతుంది. ఫోను మాత్రం వంటింట్లో, బియ్యం డబ్బా మీద.

టైమర్ కావాలంటే 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం పద్ధతి ఉంది. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. అందుకే దానికి పొమొడోరో అని పేరు, అంటే టమాటాయే. నాకైతే 25 చాలదు, 40 పెట్టుకుంటాను.

ఇంకొకటి. అదే చీటీ వెనక, ఈరోజు పని ఎవరికి అక్కరకొస్తుందో ఒక్క ముక్క రాస్తాను. నిన్నటిది: "షుగర్ మాత్ర తిండికి ముందా తర్వాతా అన్నది పెద్దవాళ్లకు అర్థమయ్యేలా కుదిరింది." కొన్ని రోజులు రాయడానికి ఏమీ ఉండదు. వారం వరుసగా ఖాళీగా ఉంటే, ఒప్పుకున్న పనిలోనే తేడా ఉందేమో చూసుకుంటాను. పోయిన నెల అలాగే ఒక ప్రకటనల పని వదిలేశాను.