లామినేట్ ఉబ్బినా, ఊగినా ముందు కింద చూడండి

నల్లగొండ, పాలమూరు దిక్కు పాత ఇళ్లలో చాలాచోట్ల తాండూరు బండల మీదనే లామినేట్, అంటే చెక్కలా కనిపించే నేల పలకలు వేయిస్తున్నారు. ఏదన్నా తేడా వస్తే పలకలను తిడతాం గానీ, ఎక్కువసార్లు తప్పు వాటి కింద పరిచే అండర్‌లేది, అంటే ఫోమ్ షీటుది.

సమస్య: వానాకాలంలో పలకల అంచులు ఉబ్బుతున్నాయి.

కారణం: నేల చెమ్మ. పాత ఇళ్లలో బండల కింద చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. బండ పొడిగానే కనిపిస్తుంది, తడి సందుల్లోంచి ఎక్కుతుంది. లామినేట్ లోపల ఉండేది ఒత్తిన చెక్కనార. ఒకసారి ఉబ్బిందంటే ఎండినా మళ్లీ సాపు కాదు.

తేల్చుకోవాలంటే గజం పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో నేలకు అతికించి రెండు మూడు రోజులు వదిలేయండి. కింద నీటిబొట్లు పట్టినా, బండ రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. ఏప్రిల్‌లో చూసి సంబరపడొద్దు, వానలు పడ్డాక చూడాలి.

పరిష్కారం: ఉబ్బిన పలకలు మార్చాల్సిందే. ముందు 200 మైక్రాన్ల పాలిథీన్ పరవాలి. అతుకుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి 20 సెం.మీ. ఎక్కాలి, టేపు వేయాలి, గోడల పక్కన కొంచెం పైకి మడవాలి. దాని మీద 2 లేదా 3 మి.మీ. ఫోమ్. ఫోమ్ అంచులు మాత్రం ఆనితే చాలు, ఎక్కకూడదు. నీళ్లే ఊరుతున్న నేలయినా, బతుకమ్మకు బకెట్లతో ఇల్లు కడిగే అలవాటున్నా, లామినేట్ మాట మరిచిపోయి టైల్స్ వేసుకోండి.

సమస్య: నడిస్తే ఊగుతోంది, పలకలను ఒకదానికొకటి పట్టి ఉంచే లాకులు విడిపోతున్నాయి.

కారణం: మెత్తగా ఉంటుందని మందం ఫోమ్ వేయడం, లేదంటే రెండు పొరలు పరవడం. అడుగు పడ్డచోటల్లా పలక కుంగుతుంటే లాకు ఎన్నాళ్లని ఆగుతుంది? దుకాణంలో మందం చూపించి ఎక్కువ ధర చెబితే లొంగకండి.

పరిష్కారం: ఒక్కటే పొర. పలకకే ఫోమ్ అతికి వస్తే ఇంకోటి అక్కర్లేదు.

సమస్య: ఒకేచోట టకటక చప్పుడు.

అక్కడ నేల గుంటపడి ఉంటుంది. 2 మీటర్ల అల్యూమినియం పట్టీ ఆనించి చూడండి. 3 మి.మీ. మించి సందు కనిపిస్తే పలకలు తీసి నేలను చదును చేసే లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపించాలి. ఫోమ్ ముక్కలు కుక్కి సరిపెట్టొద్దు.

సమస్య: గది నడుమ గుడారంలా లేచింది.

ఈ పాపం ఫోమ్‌ది కాదు. గోడల చుట్టూ 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదల్లేదు, గాలి తేమకు పలకలు సాగితే పోవడానికి చోటు లేదు. స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) తీసి గోడకు ఆనిన అంచు కోయిస్తే చాలావరకు దిగుతుంది.