లైబ్రరీలో కథల బీరువా దగ్గరే ఆగిపోకండి

పుస్తకం వెన్ను మీద అతికించిన నంబరు చూడండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరితే కవిత్వం, 2 నాటకం, 3 కథ, నవల. నవల చదివి ఆ కాలం గురించి తెలుసుకోవాలనిపిస్తే భారతదేశ చరిత్ర కోసం 954కి వెళ్లండి. వంటలైతే 641.5.

చాలామంది తడబడేది చుక్క తర్వాతే. 954.1025 పెద్దంకెలా కనిపిస్తుంది గానీ, 954.84 కంటే ముందే ఉంటుంది. ఒక్కో అంకె పోల్చుకుంటూ వెళ్లాలి.

కంప్యూటర్లో ‘ఉంది’ అని చూపిస్తున్నా అరలో లేదా? పై అర, కింది అర, వాపసు వచ్చిన పుస్తకాల బల్ల వెతకండి. తీసిన పుస్తకం మాత్రం తోచినచోట దూర్చొద్దు, బల్ల మీద పెట్టేయండి. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క.