చేతి వించి తిప్పే ముందు: దించేటప్పుడే అసలు భయం

బావిలోంచి మోటారు తీయాలన్నా, మేడ మీదికి సామాను ఎక్కించాలన్నా చేతి వించి ఉంటే పని సులువు. అడ్డంగా ఒక డ్రమ్ము, దానికి చుట్టుకునే వైరు రోప్, పక్కన హ్యాండిల్. హ్యాండిల్ 40 సెంటీమీటర్లు, డ్రమ్ము వ్యాసార్థం 10 సెంటీమీటర్లు అనుకుంటే 80 కిలోల బరువుకు లెక్క ప్రకారం 20 కిలోల బలం చాలు. రాపిడికి ఇంకాస్త పడుతుంది. రోప్ పొరలు పొరలుగా చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావెక్కి, చివర్లో తిప్పడం బరువవుతుంది.

ముందు వించి మీదున్న ప్లేటు చదవండి. నేల మీద లాగడానికి చేసిన వించితో బరువును గాల్లోకి ఎత్తకూడదు.

ఎత్తేటప్పుడు పళ్ల చక్రం మీద చిన్న ఇనుప నాలుక టక్ టక్ మని పడుతుంటుంది. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపేది అదే. ఆ చప్పుడు తేడాగా వినిపిస్తే అక్కడితో ఆపండి. పని మొదలుపెట్టే ముందే నాలుక అంచు, దాని స్ప్రింగు వేలితో తడిమి చూసుకోవాలి.

దించాలంటే ఆ నాలుకను తప్పించాలి. బ్రేకు లేని వించి అయితే ఇక భారమంతా మీ చేతి మీదే. పట్టు జారిందా, హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది. ఒకసారి అలాగే నా మణికట్టుకు తగిలి, నెల రోజులు ఎడమ చేత్తోనే అన్నం తిన్నాను. తిరిగే హ్యాండిల్‌ను పట్టుకోబోవద్దు, పక్కకు తప్పుకోండి. 6 మీటర్ల నుంచి పడే వస్తువు నేలను తాకేసరికి గంటకు దాదాపు 39 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. కాబట్టి కింద ఎవరూ ఉండకూడదు. నా మాట వింటే, బ్రేకు ఉన్న వించినే తెచ్చుకోండి.

చాలామంది మర్చిపోయేది పైన కప్పీ సంగతి. వించి నేల మీద ఉండి, రోప్ పైన కప్పీ మీదుగా దిగితే, రోప్ రెండు వైపులా కిందికే లాగుతుంది కాబట్టి 80 కిలోల బరువుకు కప్పీ వేలాడే దూలం మీద 160 కిలోల పైనే పడుతుంది.

వైరు తెగి ముళ్లలా లేచిన చోట్లుంటే ఆ రోప్ వాడొద్దు. వైరు రోప్ పూర్తిగా విప్పినా డ్రమ్ము మీద కనీసం 3 చుట్లు మిగలాలి. సామాను వించికి మనిషిని వేలాడదీసి బావిలోకి దించడం మాత్రం ఎంత తొందరున్నా వద్దు.

మొదటిసారి బరువును జానెడు ఎత్తు లేపి, రెండు నిమిషాలు అలాగే ఉంచి చూడండి. జారకపోతేనే పైకి తిప్పండి.