దించిన హిమాలయన్‌ను మళ్ళీ అసలు ఎత్తుకు లేపడం

నేను కాకినాడలో వడ్రంగిని. మూడు నెలల కిందట 2019 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన పొట్టి మనిషి, కాళ్ళు నేలకు ఆనాలని బండిని కిందకి దింపించుకున్నాడు. అది ఆయన అవసరం, తప్పు పట్టను. కానీ నేను మారేడుమిల్లి అడవి బాటల్లో తిరగాలని కొన్నాను. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్‌కే సంప్ గార్డు (ఇంజను కింద ఉండే కాపు రేకు) రాసుకుంటుంటే ఆ బండితో రాళ్ళ బాట ఎక్కడమెలా?

బండిని దించారో లేదో సైడ్ స్టాండు దగ్గరే తెలిసిపోతుంది. బండి పక్కకి వాలకుండా దాదాపు నిటారుగా నిలబడితే, వేలితో నెడితే అటు పడేలా ఉంటే, దించినట్టే. డబుల్ స్టాండు వెయ్యడానికి ఇద్దరు కావాల్సి వస్తే ఇంకో గుర్తు. సైడ్ స్టాండు మీద కొత్త వెల్డింగు మచ్చ ఉందేమో కూడా చూడండి. కొందరు దాన్ని కోసి పొట్టి చేయిస్తారు. అలా కోసిన స్టాండుతో బండిని లేపితే మరీ వాలిపోయి పడుతుంది కాబట్టి కొత్త స్టాండు కూడా తెచ్చుకోవాల్సిందే. నా దానికి కొయ్యలేదు.

పానా పట్టేముందు టేపు పట్టండి. ఈ బండికి కంపెనీ ఇచ్చిన సీటు ఎత్తు 800 మి.మీ., నేలకూ బండికీ మధ్య ఖాళీ 220 మి.మీ., చక్రం ఆడే దూరం ముందు 200, వెనక 180. అయితే ఈ అంకెలు చూసి మాత్రమే ఏం మార్చారో చెప్పలేం. అందుకే అదే మోడల్, చెయ్యి పడని బండి ఒకటి మా స్నేహితుడి దగ్గర ఉంటే తెచ్చి పక్కన పెట్టుకున్నాను. కొలిచినవి మూడు. ఒకటి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ పైపులు, హ్యాండిల్ దగ్గర వాటిని బిగించి ఉంచే పై ప్లేటు మీదికి ఎంత పొడుచుకొచ్చాయో. నా బండికి అవి 25 మి.మీ. ఎక్కువ పైకున్నాయి. రెండు, ముందు చక్రం గాల్లో ఉంచి ఇరుసు నుంచి పైపు కొస దాకా మొత్తం పొడవు. ఇది రెండు బండ్లకీ ఒకటే వచ్చింది, అంటే ఫోర్క్ లోపల ఏమీ కెలకలేదు. మీ బండికి ఇది తక్కువొస్తే లోపల స్పేసరు వేశారని అర్థం, దాన్ని ఫోర్కులు విప్పడం తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. మూడు, వెనక షాక్ కింద ఉండే లింకు ప్లేట్లు, రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి. నా బండికున్నవి పొడుగు. లింకు కొద్ది మిల్లీమీటర్లు పెరిగినా వెనక అంగుళం దాకా దిగుతుంది, మీట గుణం అది. వెనక స్ప్రింగునూ చూడండి. చివరి చుట్టు చదునుగా కూర్చోకుండా తెగ్గోసినట్టుంటే స్ప్రింగు మార్చక తప్పదు, లింకుతో అది బాగుపడదు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. కంపెనీ లింకులు చేతికి రాగానే ఒక ఆదివారం వెనక మాత్రం లేపి, ముందు ఫోర్కుల పని వచ్చే వారానికి ఉంచాను. ఆ మధ్యలో యానాం–ఎదుర్లంక వంతెన మీద గోదావరి గాలికి హ్యాండిల్ చేతుల్లో గిలగిల్లాడింది. వెనక లేచి ముందు దిగే ఉంటే ఫోర్కులు నిటారవుతాయి, బండికి తిన్నగా పోయే నిలకడ తగ్గిపోతుంది. ముందూ వెనకా కలిసి దిగిన బండిని కలిపే లేపాలి. సగం పని చేసి రోడ్డెక్కొద్దు.

వెనక పనికి బండి బరువు ఛాసిస్ మీద నిలవాలి, వెనక చక్రం గాల్లో ఉండాలి. డబుల్ స్టాండు బోల్టుకు అడ్డొస్తే ఇంజను కింద జాకీ, పైనుంచి తాడు. మా బావమరిది సాయం వచ్చాడు. లింకు బోల్టు నట్టు తీశాక బోల్టు కదల్లేదు.

"బావా, సుత్తితో ఒక్కటిచ్చుకోనా?"

"ఒద్దురా, ఆగు."

బోల్టు రాకపోతే దాని మీద చక్రం బరువు వేలాడుతోందన్నమాట. టైరు కింద టేకు బద్దలు ఒక్కొక్కటే దూర్చుతూ చక్రాన్ని కొంచెం కొంచెం పైకి లేపాను. మూడో బద్దకి బోల్టు వేళ్ళతో తిప్పితేనే బయటికొచ్చింది. సుత్తితో కొడితే మరలు చితుకుతాయి, బేరింగు పాడవుతుంది. తీసిన బోల్టు మీద ఎర్రటి తుప్పు, గ్రీజు అన్నదే లేదు. బుష్షులు, బేరింగులు కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పట్టించి, కంపెనీ లింకులు వేసి, నట్లు కొత్తవి పెట్టాం. బిగింపు చేతి అంచనాతో వద్దు. సర్వీసు మాన్యువల్లో ఏ బోల్టుకి ఎంతో ఉంటుంది, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితోనే బిగించండి.

ముందు ఫోర్కుల పనికి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, టైరు కింద చెక్క పెట్టండి, లేకపోతే బోల్టు వదలగానే పైపు జారిపోతుంది. రెండు పైపుల బోల్టులూ ఒకేసారి వదలొద్దు. రెండూ ఇరుసుతో కట్టి ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఒక్క దెబ్బలో దించలేం. నేను పైపు మీద టేపు అంటించి, పెన్సిలు గీతలు పెట్టుకుని, ఇటు ఐదు, అటు ఐదు మి.మీ. చొప్పున దించుకుంటూ వచ్చాను. చివర్లో రెండు వైపులా వెర్నియర్‌తో సరిచూశాను. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఎక్కడైనా పొట్టిగా లాగి కట్టేశారేమో చూసి, హ్యాండిల్ రెండు కొసలకీ తిప్పి బిగుసుకోవడం లేదని తేల్చుకోండి.

తరవాత మిగిలినవి త్వరగా అయిపోతాయి. వెనక ఎత్తు మారింది కాబట్టి చైను లూజు ఓనర్ పుస్తకం చూసి సరిచెయ్యాలి. హెడ్‌లైటు రాత్రిపూట గోడ మీద వేసి చూసుకోవాలి. వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద గుర్తు దాకా కొలిచి, మళ్ళీ మీరు బండి మీద కూర్చున్నాక కొలవండి. వెనక చక్రం ఆడే 180లో మూడో వంతు, అంటే 55–60 మి.మీ. దిగితే బాగుంది. అంతకంటే దిగితే స్ప్రింగు ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగుతు) పెంచండి. నాకు రెండు మెట్లు పెంచాక కుదిరింది.

బిగించిన ప్రతి బోల్టు మీదుగా నట్టు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. వంద కిలోమీటర్లు తిరిగాక కూర్చుని ఒక్కో గీతా చూడండి. గీత తప్పిన బోల్టుని మళ్ళీ టార్క్‌కు బిగించి, పాత గీత చెరిపి కొత్తది గియ్యండి.