టెక్సాస్‌లో వారసత్వంగా వచ్చిన మినరల్ రైట్స్‌ని లీజుకి అడుగుతున్నారా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

ల్యాండ్‌మ్యాన్, అంటే ఆయిల్ కంపెనీల తరఫున లీజులు కుదిర్చే ఒకాయన, ఫోన్ చేసి, లేదా పోస్టులో పెద్ద కవరు పంపి, "మీ నాన్నగారి పేరు మీద రీవ్స్ కౌంటీలో మినరల్స్ ఉన్నాయండీ, ఎకరానికి ఇంత బోనస్ ఇస్తాం, లీజు మీద సంతకం పెట్టండి" అంటాడు. మినరల్స్ అంటే భూమి కింది ఆయిల్ గ్యాస్ మీద హక్కు, బోనస్ అంటే లీజు మీద సంతకం పెట్టినందుకు ఒక్కసారి ఇచ్చే డబ్బు. ఆ రోజు మీరు చెయ్యాల్సింది ఒక్కటే, అన్నీ ఈమెయిల్లో పంపమని చెప్పి ఫోన్ పెట్టెయ్యడం. అవుననొద్దు కాదనొద్దు. వాళ్ళు ఈ వారంలోనే తేల్చాలి అంటారు, చాలాసార్లు అది తొందరపెట్టడానికి అనే మాటే.

మనవాళ్ళకి ఇది కొత్తగా ఎందుకుంటుందంటే మన దగ్గర ఈ పద్ధతే లేదు. కోనసీమలో కొబ్బరితోట కింద గ్యాస్ పడితే ఓఎన్జీసీ ఆ భూమి వాడుకున్నందుకు పరిహారం ఇస్తుంది గానీ అమ్మిన గ్యాస్‌లో రైతుకి వాటా ఇవ్వదు, కింద ఉన్నది ప్రభుత్వానిది. టెక్సాస్‌లో అలా కాదు, పైన భూమి ఒకరిది కింద ఆయిల్ గ్యాస్ ఇంకొకరిది అయ్యుండొచ్చు, ఎప్పుడో భూమి అమ్మినప్పుడు మినరల్స్ మాత్రం తమకే ఉంచుకున్నామని రాసుకుంటారు, అవి పిల్లలకీ మనవలకీ ముక్కలవుతూ వస్తాయి. అమ్మానాన్నలు ఎప్పుడో ఇక్కడ భూమి కొని వదిలేసినవాళ్ళకీ, ఇక్కడివాళ్ళని పెళ్ళి చేసుకుని అటు నుంచి ఆస్తి వచ్చినవాళ్ళకీ ఈ కవర్లు వస్తుంటాయి.

కవరు విప్పగానే కాగితం పైన ఏం రాసుందో చూడండి. ఆయిల్ అండ్ గ్యాస్ లీజ్ అనుందా, మినరల్ డీడ్ అనుందా, రాయల్టీ (అమ్మిన ఆయిల్ గ్యాస్‌లో మీకొచ్చే వాటా) డీడ్ అనుందా. డీడ్ అంటే అమ్మకం, దాని మీద సంతకం పెట్టేశాక అందులో అమ్మినది ఇంక మీది కాదు. పక్కనే చెక్కు లాంటి కాగితం కూడా పెట్టి పంపుతారు, అది చూసి లీజే అనుకుని సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు, అందుకే అన్నిటికంటే ముందు చెప్తున్నా.

తర్వాత అసలు మీకున్నది ఎంతో తేల్చుకోండి. కౌంటీ క్లర్క్ ఆఫీసు రికార్డులు చాలా కౌంటీల్లో ఆన్‌లైన్లోనే ఉన్నాయి, నాన్నగారి పేరు కొట్టి డీడ్లు తియ్యండి. ల్యాండ్‌మ్యాన్‌ని కూడా అడగండి, నా వాటా ఎలా లెక్కేశారు, ఏ డీడ్ చూసి వేశారు అని, మామూలుగా చెప్తారు. లెక్క ఇలా ఉంటుంది: 160 ఎకరాల్లో మీ వాళ్ళకి సగం మినరల్స్, అందులో మీకు ఆరో వంతు అనుకుంటే 13.33 నెట్ మినరల్ ఎకర్స్. బోనస్ కట్టేది ఈ 13.33 మీదే, 160 మీద కాదు. ఇంకా ఆస్తి నాన్నగారి పేరు మీదే ఉండిపోతే ముందు మీ పేరు రికార్డుకెక్కాలి, విల్లు ఉంటే ప్రొబేట్, అంటే కోర్టులో అది చెల్లుతుందని తేల్పించడం, చేయించాలి, లేకపోతే వారసులెవరో తెలిసినవాళ్ళ చేత అఫిడవిట్ ఆఫ్ హెయిర్‌షిప్ రాయించి కౌంటీలో ఫైల్ చేస్తారు. వేరే రాష్ట్రంలో ప్రొబేట్ అయిన విల్లయితే దాన్ని టెక్సాస్ కౌంటీలో కూడా ఎక్కించాలి. కంపెనీయే మీ కోసం అఫిడవిట్ రాసి పంపుతుంది ఒక్కోసారి, పంపితే ప్రతి పేరూ ప్రతి తేదీ చదివి పెట్టండి, అందులో చెల్లెలి పేరు వదిలేస్తే తర్వాత సరిచెయ్యడం పెద్ద పని.

అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు ఉంటే ఒకమాట. టెక్సాస్‌లో ఉమ్మడి మినరల్స్‌లో ఎవరి వాటా వాళ్ళు మిగతావాళ్ళని అడక్కుండానే లీజుకి ఇచ్చుకోవచ్చు, ఆ ఒక్క లీజుతో కంపెనీ బావి తవ్వొచ్చు కూడా. లీజుకి ఇవ్వనివాళ్ళకి తవ్వకం ఖర్చు రాబట్టుకున్న తర్వాతే లాభంలో వాటా వస్తుంది. అందుకే ల్యాండ్‌మ్యాన్ ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేస్తాడు, తొందరపడే తమ్ముడు తక్కువకి ఒప్పుకుంటే మిగతావాళ్ళ బేరం బలం పోతుంది. ముందే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, మాట్లాడేది ఒక్కళ్ళే అని తీర్మానించుకోండి. ఇంట్లో ఎన్ని గొడవలున్నా ఈ ఒక్క విషయంలో కలిసి ఉండండి, మీ అందరి మంచి కోరే చెప్తున్నా.

ఇప్పుడు రేటు సంగతి. రైల్‌రోడ్ కమిషన్, పేరుకి రైల్వే గానీ టెక్సాస్‌లో ఆయిల్ గ్యాస్ చూసేది వాళ్ళే, వాళ్ళ వెబ్‌సైటులో మ్యాప్ ఉంది, మీ స్థలం చుట్టూ ఎన్ని బావులున్నాయో, కొత్తగా ఎవరికి పర్మిట్లు వచ్చాయో కనపడతాయి. పక్క సెక్షన్లో, అంటే పక్కనున్న భూమి ముక్కలో, పర్మిట్ వచ్చిందంటే మీ చెయ్యి పైన ఉన్నట్టే. పశ్చిమ టెక్సాస్ అయితే యూనివర్సిటీ ల్యాండ్స్ వాళ్ళు లీజుల వేలం ఫలితాలు పబ్లిక్‌గా పెడతారు, ఆ చుట్టుపక్కల కంపెనీలు ఎంతదాకా ఇస్తున్నాయో ఒక అంచనా దొరుకుతుంది.

అందరూ బోనస్ గురించే కొట్టుకుంటారు గానీ నా దృష్టిలో అసలు డబ్బు రాయల్టీలో ఉంది. పాత రోజుల్లో ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం ఇచ్చేవాళ్ళు, ఇప్పటికీ అచ్చేసిన ఫారంలో అదే పెట్టి పంపేవాళ్ళున్నారు, కానీ పశ్చిమ టెక్సాస్‌లో ఆయిల్ బాగా పడే పర్మియన్ లాంటి చోట 25 శాతం అడగడం మామూలే, ఇంకొన్నిచోట్ల 18.75, 20 దగ్గర తెగుతుంది. మన 13.33 ఎకరాలు 640 ఎకరాల యూనిట్‌లో, అంటే బావి కోసం చుట్టుపక్కల భూముల్ని కలిపి చేసిన బ్లాకులో, కలిపారనుకోండి, ఆ యూనిట్ కోటి డాలర్ల ఆయిల్ అమ్మితే పావు వంతు రాయల్టీ మీద మీకు దాదాపు 52,083 డాలర్లు, ఎనిమిదో వంతు మీద 26,042. అదే బోనస్‌లో ఎకరానికి 500 ఎక్కువిస్తామంటే మీకు అదనంగా వచ్చేది 6,700 కూడా కాదు. బావి పడకపోతే బోనసే మిగులుతుంది నిజమే, కానీ చుట్టూ బావులు పడుతున్న చోట బోనస్ కోసం రాయల్టీ వదులుకోకండి.

రాయల్టీ శాతం రాయించుకుంటే సరిపోదు, అది ఏ డబ్బు మీద లెక్కేస్తారన్నది ఇంకా ముఖ్యం. గ్యాస్‌ని శుభ్రం చెయ్యడానికి, కంప్రెస్ చెయ్యడానికి, పైపులో పంపడానికి అయ్యే ఖర్చుల్లో మీ వాటా కోసుకుంటారు, గ్యాస్ చెక్కుల్లో ఈ కోతలు బాగా కనపడతాయి. కోతలుండవు అని ఒక లైను రాయిస్తే చాలనుకుంటారు, చాలదు. 1996లో హెరిటేజ్ రిసోర్సెస్ వర్సెస్ నేషన్స్‌బ్యాంక్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ఏమందంటే, లీజులో రాయల్టీ "బావి దగ్గర మార్కెట్ విలువ" మీద అని ఉన్నప్పుడు, కోతలొద్దని పక్కన రాసుకున్న మాటకి విలువ లేదని, ఎందుకంటే బావి దగ్గర విలువ కట్టాలంటేనే ఆ ఖర్చులు తీసెయ్యాలి కాబట్టి. అందుకని "ఎట్ ద వెల్" అనే మాట ఎక్కడున్నా కొట్టేయించండి, దాని బదులు కంపెనీకి సంబంధంలేని మొదటి కొనుగోలుదారు ఇచ్చిన మొత్తం సొమ్ము, గ్రాస్ ప్రొసీడ్స్, మీద రాయల్టీ అని రాయించండి, ఖర్చులేవీ తియ్యకూడదన్నది కూడా రాయించండి. ఈ పేరా మాత్రం లాయర్ చేతే రాయించుకోవాలి.

మీకు వచ్చే ఫారం మీద ప్రొడ్యూసర్స్ 88 అని ఉండొచ్చు, అది చూసి ఇదేదో గవర్నమెంటు ఫారం, మార్చకూడదేమో అనుకోకండి. అలాంటి ఒకే ఫారం అంటూ లేదు, ఆ పేరుతో రకరకాలున్నాయి, ప్రతి లైనూ మార్చొచ్చు. మార్పులన్నీ అడెండం అని చివర్లో విడిగా జోడిస్తారు, ఫారానికీ అడెండంకీ తేడా వస్తే అడెండమే చెల్లుతుందని మొదటి లైనులో ఉండాలి.

గడువు సంగతి చూద్దాం. మామూలుగా మూడేళ్ళు, దాని కింద ఇంకో రెండేళ్ళు పొడిగించుకునే హక్కు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పొడిగింపు తీయించెయ్యండి, ఒప్పుకోకపోతే మళ్ళీ పూర్తి బోనస్ కట్టాలనండి. గడువులోపు బావి పడి ఆయిల్ వచ్చిందంటే, లాభసాటిగా వస్తున్నన్నాళ్ళూ లీజు నడుస్తూనే ఉంటుంది, ముప్పై ఏళ్ళయినా సరే. ఇక్కడే ప్యూ (Pugh) క్లాజ్ కావాలి, యూనిట్‌లో కలపని భూమి గడువు తీరాక లీజు నుంచి బయటికి రావాలనే షరతు అది. అది లేకపోతే మీ 160 ఎకరాల్లో 40 ఎకరాలు మాత్రమే యూనిట్‌లో కలిపినా మిగతా 120 కూడా అదే పాత లీజు కింద కట్టుబడి ఉంటాయి, ఇంకొకరికి ఇచ్చుకోలేరు. లోతుకి కూడా అలాగే రాయించండి, బావి పడిన పొర కింద ఉన్నవన్నీ గడువు తీరాక మీకే తిరిగి రావాలని, పర్మియన్‌లో ఒకదాని కింద ఒకటి చాలా పొరల్లో ఆయిల్ ఉంది, దీన్ని అస్సలు వదలొద్దు. గ్యాస్ బావి మూసిపెట్టి ఏడాదికి కొద్ది డాలర్లు షట్ఇన్ రాయల్టీ కట్టి లీజు నిలుపుకునే క్లాజు కూడా ఉంటుంది, వరసగా రెండేళ్ళకి మించకూడదని హద్దు పెట్టండి.

ఆస్తి మీదేనని మీ చేత హామీ ఇప్పించే వారంటీ క్లాజు కొట్టేయించండి, వారసత్వంగా వచ్చినదానికి మీరు గ్యారంటీ ఇవ్వడమేంటి, రేపు టైటిల్‌లో, అంటే యాజమాన్య హక్కులో, లోపం బయటపడితే మిమ్మల్ని బోనస్ వెనక్కిమ్మంటారు. పైభూమి కూడా మీదే అయితే రోడ్లు, నీళ్ళు, పైపులైన్ల గురించి విడిగా రాయించుకోవాలి, ఎందుకంటే టెక్సాస్ చట్టంలో మినరల్స్ ఉన్నవాళ్ళకి పైభూమిని అవసరమైనంత వాడుకునే హక్కు ఉంది.

ఇవన్నీ ఒక ఈమెయిల్లో పెట్టి పంపండి, మర్యాదగానే, బోనస్ ఇంత, రాయల్టీ ఇంత, ఈ క్లాజులు కావాలి అని. సగం ఒప్పుకుంటారు సగం కాదంటారు, ప్యూ క్లాజూ కోతలొద్దన్న క్లాజూ మాత్రం ఆఖరిదాకా పట్టుకోండి. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ వాళ్ళు ఆయిల్ గ్యాస్ మినరల్ లాలో సర్టిఫికెట్ ఇచ్చిన లాయర్లుంటారు, వాళ్ళలో ఒకరికి చూపించండి, ఇమిగ్రేషన్ చూసే మన తెలుగు లాయర్‌కి ఇది వద్దు.

సంతకం దగ్గర జాగ్రత్త. చాలామంది డబ్బు డ్రాఫ్ట్ రూపంలో ఇస్తారు, అది చెక్కు కాదు, టైటిల్ చూసుకుని ముప్పై రోజుల్లోనో ఇంకా ఎక్కువలోనో కడతాం అనే కాగితం, నచ్చకపోతే కట్టరు. ఈలోగా మీరు సంతకం పెట్టిన అసలు లీజు వాళ్ళ చేతిలో ఉంటే కౌంటీలో రికార్డు చేసేసుకోవచ్చు. బ్యాంకు వైర్ ట్రాన్స్‌ఫర్ అడగండి, లేదా డబ్బు పడేదాకా అసలు కాగితం మీ లాయర్ దగ్గరే ఉండేలా చూసుకోండి. హైదరాబాదులో ఉన్న అన్నయ్య సంతకం కావాలంటే అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ చేయించొచ్చు, అపాయింట్‌మెంట్ ముందే తీసుకోమనండి.

బోనస్ మామూలు ఆదాయమే, 1099 అనే పన్ను ఫారం వస్తుంది, పన్నుకి పక్కన పెట్టుకోండి. రాయల్టీ మీద అయితే మామూలుగా 15 శాతం డిప్లిషన్ (ఆయిల్ తరిగిపోతున్నందుకు పన్ను లెక్కలో ఇచ్చే మినహాయింపు) తగ్గించుకోవచ్చు, మీ పన్నులు చూసే సీపీఏకి గుర్తు చెయ్యండి. బావి మొదలయ్యాక డివిజన్ ఆర్డర్ అని ఇంకో కాగితం వస్తుంది, అందులో మీ వాటా దశాంశంలో ఉంటుంది, మన లెక్కలో అయితే 0.00520833. మీరే గుణించి చూసుకుని అప్పుడు పెట్టండి. మొదటి అమ్మకం జరిగిన నెల ముగిశాక 120 రోజుల్లోపు మొదటి చెక్కు రావాలి, ఆ తర్వాత ఆయిల్‌కి 60 రోజులు, గ్యాస్‌కి 90 రోజులు, రాకపోతే రాతపూర్వకంగా అడగండి. మూడేళ్ళలో బావే పడకపోతే లీజు రద్దయినట్టు రిలీజ్ కాగితం కౌంటీలో ఫైల్ చెయ్యమని కంపెనీకి రాయండి, అది రికార్డులో ఉంటే తర్వాత వచ్చే కంపెనీతో మాట్లాడ్డం తేలికవుతుంది.