ఈసీలో ‘నిల్’ వచ్చిందని అడ్వాన్స్ ఇచ్చేయకండి: ప్లాటు కొనేముందు ఈసీ చదివే పద్ధతి

ఒక ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు వరుసగా చూపించే పత్రం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ప్లాటు కొనేవాళ్లలో చాలామంది దాన్ని ఒక్క మాట కోసమే చూస్తారు: ‘నిల్’, అంటే ఏ లావాదేవీ లేదు, అని ఉందా, లేదా. అమ్మే మనిషి 2009లో రిజిస్ట్రేషన్ చేయించుకుని కొన్నానంటున్నాడు అనుకుందాం. అలాంటప్పుడు ఈసీలో కనీసం ఆయన కొన్న దస్తావేజైనా కనబడాలి. అదీ లేకుండా నిల్ వచ్చిందంటే స్థలం శుభ్రంగా ఉందని కాదు, మనం వెతికిన తీరే తప్పని.

ఒకే స్థలానికి మూడు రకాలుగా వెతకాలి. ముందు అమ్మకందారు దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చి వెతకండి. తర్వాత ప్లాటు నంబరుతో. ఆ తర్వాత ప్లాటు నంబరు వదిలేసి సర్వే నంబరు మొత్తానికి. మూడోదే అసలైనది, దస్తావేజు రైటర్లు ఎక్కువగా వదిలేసేదీ అదే. 124 అని కొడితే 124/1, 124/అ, 124/ఏ రాకపోవచ్చు, కాబట్టి ఇలాంటి బై నంబర్లన్నీ (సర్వే నంబరులోని ఉప నంబర్లు) విడివిడిగా కొట్టి చూడాలి. ఆ ఊరు మధ్యలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి నుంచి ఇంకోదానికి మారి ఉంటే రెండుచోట్లా తీయాలి. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో మాన్యువల్ ఈసీకి అర్జీ పెట్టాలి.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ 2020 నవంబరు 2 నుంచి తహసీల్దారు ఆఫీసుకు, ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్‌కు మారింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ప్లాట్లు కాకముందు ఆ భూమి చేను. అది 2021లో చేతులు మారితే ఆ లావాదేవీ రిజిస్ట్రేషన్ శాఖ ఈసీలో ఉండదు, భూభారతిలో చూడాలి. కొత్త వెంచర్లలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాల్సిందే.

ఇక ఈసీలో ఒక్కో వరుసను ఎలా చదవాలో చూద్దాం. తేదీలు మూడుంటాయి: దస్తావేజు రాసింది, ఆఫీసులో దాఖలు చేసింది, రిజిస్టరైంది. దస్తావేజు రాశాక 4 నెలల్లోగా దాఖలు చేయాలి. రాసిన తేదీకీ దాఖలైన తేదీకీ నెలల తేడా ఉంటే కారణం అడగండి. పేర్ల గడిలో ఈఎక్స్ అంటే రాసిచ్చినవాళ్లు, సీఎల్ అంటే రాయించుకున్నవాళ్లు. ఒక వరుసలో సీఎల్‌గా ఉన్న పేరే తర్వాతి అమ్మకంలో ఈఎక్స్ కావాలి. ఈ గొలుసు తెగినచోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి, అడగాల్సింది అక్కడే.

ఉదాహరణకు 1984లో తండ్రి కొన్నాడు, 2009లో ఇద్దరు కొడుకులు అమ్మారు, మధ్యలో ఏ వరుసా లేదు. అంటే రిజిస్టరైన పంపకం గానీ, గిఫ్టు గానీ లేవు. తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంతంగా కొన్న ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. ‘ఆడపిల్లలకు కట్నం ఇచ్చేశాం’ అనే మాట కోర్టులో నిలవదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించుకుని, అందులోని ప్రతి కూతురూ ఏ దస్తావేజులో సంతకం చేసిందో చూపించమనండి.

తర్వాత లెక్క. సర్వే నంబరు 124లో అమ్మకందారుకు 2 ఎకరాలుంది అనుకుందాం. ఎకరం 4,840 గజాలు కాబట్టి మొత్తం 9,680. ఈసీలో ఆయన అమ్మిన ప్లాట్ల గజాలన్నీ ఒక కాగితం మీద కూడండి. రోడ్లకు, పార్కుకు పోగా మొత్తం అంతకంటే బాగా తగ్గాలి. 9,900 వచ్చిందంటే లేని భూమిని అమ్ముతున్నాడన్నమాట. ఒకే ప్లాటు నంబరు ఇద్దరికి రాశారేమో, హద్దుల్లో ఉత్తరం వైపు ‘ప్లాటు నం. 17’ అనే చోట ఇంకో దస్తావేజులో ‘రోడ్డు’ అని ఉందేమో కూడా ఇప్పుడే బయటపడుతుంది. ఓ పూట పడుతుంది, అయినా లాయరు ఫీజు కంటే ఇదే ఎక్కువ కాపాడుతుంది.

‘డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్’ అని ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టారని అర్థం. అప్పు ఎప్పుడో తీరిందంటారు. తీరితే విడుదల దస్తావేజు ఇంకో వరుసగా ఉండాలి. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ ఒక్కటే చాలదు, అసలు కాగితాలు కళ్లతో చూడండి. 2023 డిసెంబరు 1 నుంచి అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. కాబట్టి ‘ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి’ అనే సాకును అంత తేలిగ్గా నమ్మక్కర్లేదు. ‘అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ’ (అమ్మకం ఒప్పందంతో పాటు యజమాని తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) వరుస కనిపిస్తే, అందులో సీఎల్‌గా ఉన్న మనిషిని కూడా మీ దస్తావేజులో కలుపుకోవాలి.

ఈసీకి తెలియనివీ ఉన్నాయి. అది రిజిస్ట్రారు 1వ పుస్తకం నుంచి వస్తుంది. వీలునామాలు 3వ పుస్తకంలో, విడి జీపీఏలు 4వ పుస్తకంలో ఉంటాయి. నోటరీ అగ్రిమెంట్లు, తెల్ల కాగితం మీద తీసుకున్న అడ్వాన్సులు ఎక్కడా ఉండవు. కోర్టు కేసును ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో సర్వే నంబరుతో కాకుండా మనుషుల పేర్లతో వెతకాలి. 22ఏ నిషేధిత జాబితాను (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) విడిగా చూడాలి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ కూడా: తెలంగాణ నిబంధనల్లో ఈ బఫర్ 10 హెక్టార్లు, ఆపై చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. వీటి తర్వాత లాయరు చేత తెలుగు దినపత్రికలో ప్రకటన వేయించి, వారం రోజులు అభ్యంతరాలకు ఆగండి. అడ్వాన్సు పెద్దదైతే మీ అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించండి. అప్పుడు మీ తర్వాత వచ్చేవాడి ఈసీలో మీ పేరు కనబడుతుంది.

ఈసీ పాతబడుతుంది. మాట్లాడుకున్నప్పుడు తీసింది నెల తర్వాత పనికిరాదు, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ తీయాలి. పది రోజులాగి ఇంకోసారి తీసి మీ పేరు, ప్లాటు నంబరు, గజాలు, నాలుగు హద్దులు అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పుంటే సవరణ దస్తావేజు రాయించాలి. దానికి అమ్మినాయన సంతకం కావాలి, ఫోను ఎత్తుతున్నప్పుడే ఆ పని కానివ్వండి.