గిఫ్ట్ కార్డులన్నీ కలిపి ఫ్యామిలీ ట్రిప్ ఖర్చు తగ్గించుకోవడం ఎలా

పోయిన డిసెంబరులో మేం ఐదుగురం, అంటే మేమిద్దరం, పిల్లలిద్దరూ, మా అత్తయ్య, హైదరాబాద్ నుంచి వైజాగ్, అరకు వెళ్ళొచ్చాం. ఖర్చు దాదాపు 40 వేలైంది. అందులో ₹12,610 ఇంట్లో మూలమూలలా పడి ఉన్న గిఫ్ట్ కార్డుల నుంచే వచ్చింది. ఎలా చేశామో చెప్తాను, మీ ఇంట్లో కూడా కచ్చితంగా కొన్ని ఉండే ఉంటాయి.

ముందు వెతకాలి. ఒక ఆదివారం అందరి ఫోన్లూ దగ్గర పెట్టుకుని మెయిల్‌లో, మెసేజ్‌లలో, వాట్సాప్‌లో "గిఫ్ట్ కార్డ్", "వోచర్" అని వెతకండి. క్రెడిట్ కార్డు యాప్‌లో రివార్డు పాయింట్లు చూడండి, దీపావళికి ఆఫీసు వాళ్ళిచ్చిన కవర్లు బీరువాలో ఉంటే తీయండి. మాకు పది కార్డులు దొరికాయి: ట్రావెల్ సైటువి రెండు కలిపి ₹5,000, అమెజాన్ పేవి నాలుగు కలిపి ₹2,250, బట్టల షాపుది ₹2,000, కిరాణా యాప్‌ది ₹1,500, బ్యాంకు ప్రీపెయిడ్ కార్డులో వాడగా మిగిలిన ₹1,360, సినిమా టికెట్లది ₹500. ఇవి కాక ఇంకోటి కూడా దొరికింది, మా ఆయనకు ఆఫీసులో ఇచ్చిన ₹2,000 కార్డు, గడువు దాటి పదకొండు రోజులైంది. చాలా బాధేసింది. అందుకే ఒక కాగితం మీద ఏ కార్డు, ఎవరి ఫోన్‌లో ఉంది, ఎంత ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది అని రాసి ఫ్రిజ్ మీద అంటించాం. కోడ్, పిన్ మాత్రం అక్కడ రాయకండి.

ఇక కలపడం. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. అన్ని కార్డులూ ఒకేలా కలవవు. అమెజాన్ పే లాంటివి అకౌంట్‌లో వేస్తే ఒకే బ్యాలెన్స్ అయిపోతాయి, నాలుగు కార్డులైనా పది కార్డులైనా ఒకటే. కానీ ఒకసారి ఒకరి అకౌంట్‌లో వేశాక ఇంకొకరి అకౌంట్‌కు మార్చలేం. నా కార్డు నా ఫోన్‌లో, ఆయనది ఆయన ఫోన్‌లో వేసుకుంటే రెండు చోట్లా సగం సగమే ఉంటుంది. కాబట్టి దేనికి ఎవరి అకౌంట్ అనేది ముందే తేల్చుకుని, అన్నీ అందులోనే వేయండి. కొన్నింటికి ఓటీపీ ఆ కార్డు మొదట ఎవరికి వచ్చిందో వాళ్ళ ఫోన్ నంబరుకే వస్తుంది, అందుకే అందరూ ఒకచోట కూర్చుని చేయమంటున్నాను. ట్రావెల్ సైట్ల కార్డులకు చాలాసార్లు పేమెంట్ దగ్గర కోడ్ కొట్టాల్సి ఉంటుంది, ఒక బుకింగ్‌కు ఇన్ని కార్డులే అని పరిమితి కూడా ఉండొచ్చు, ఫ్లైట్‌కు చెల్లుతుందా, హోటల్‌కు మాత్రమేనా అన్నది కూడా చూసుకోవాలి. కొన్ని అసలు గిఫ్ట్ కార్డులే కావు, "ఇంత ఖర్చు పెడితే ఇంత తగ్గింపు" అనే కూపన్లు. వాటిని మీ లెక్కలో కలపకండి.

బ్యాంకు ప్రీపెయిడ్ కార్డుతో ఇంకో చిక్కు. ₹1,360 ఉన్న కార్డుతో ₹3,000 బిల్లు ఆన్‌లైన్‌లో కట్టబోతే చాలా సైట్లు ఒప్పుకోవు, మిగతాది వేరే కార్డుతో కడతామన్నా దారి ఇవ్వవు. మనిషి ఉన్న చోట వాడేయండి. మేం వైజాగ్‌లో భోజనం చేశాక కౌంటర్ దగ్గర "ఈ కార్డులో 1,360 గీకండి, మిగతాది ఫోన్‌పే చేస్తాం" అన్నాం, అంతే అయిపోయింది. బ్యాంకులిచ్చే ఇలాంటి గిఫ్ట్ కార్డులను నగదుగా మార్చుకోవడం, మళ్ళీ డబ్బు నింపడం రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కుదరదు. కానీ గడువు అయిపోతే వదిలేయకండి, మళ్ళీ చెల్లుబాటు చేయమని ఇచ్చిన బ్యాంకును అడగొచ్చు. షాపులు సొంతంగా ఇచ్చే కార్డులకు మాత్రం ఆ షాపు చెప్పిందే రూలు.

ట్రిప్‌కు పనికిరాని కార్డులున్నాయి కదా, కిరాణావీ బట్టలవీ, వాటినేం చేయాలి? నాకు బాగా ఉపయోగపడింది ఇదే. కిరాణా కార్డుతో ఆ నెల పప్పులూ నూనే కొన్నాను, ఎలాగూ పెట్టాల్సిన ₹1,500 అదే రోజు తీసి ట్రిప్ కోసం వేరే పెట్టాను. సినిమా కార్డుకూ అంతే. డిసెంబరులో అరకులో చలి గట్టిగా ఉంటుంది, పిల్లలకూ అత్తయ్యకూ స్వెటర్లు ఎలాగూ కావాలి, బట్టల షాపు కార్డు అక్కడ సరిపోయింది. అమెజాన్ డబ్బుతో ఒక ట్రాలీ బ్యాగు, మూడు ఫోన్ల రీఛార్జ్. డబ్బు అదే రోజు పక్కన పెట్టడం ముఖ్యం, "తర్వాత పెడదాంలే" అంటే అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. ఆ పక్కన పెట్టిందే అరకులో ఆటోకీ, బొర్రా గుహల దగ్గర బొంగులో చికెన్‌కీ వచ్చింది, అక్కడ ఏ గిఫ్ట్ కార్డూ నడవదు కదా.

వరుస కూడా చూసుకోండి. గడువు దగ్గరున్నది, ఒక్కచోటే చెల్లేది ముందు వాడాలి. ఎక్కడైనా చెల్లేది చివరికి ఉంచుకోవాలి.

కాన్సిల్ అయితే ఏమవుతుందో ముందే ఆలోచించండి. కార్డుతో కట్టింది చాలావరకు కార్డుకే తిరిగి వస్తుంది, బ్యాంకుకు రాదు. రెండేళ్ళ క్రితం ఒక హోటల్ బుకింగ్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చిన రోజుకు ఆ కార్డు గడువు అయిపోయింది, ఎన్ని ఫోన్లు చేసినా రాలేదు. అప్పటినుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను: ముందు రైలు టికెట్లు కన్ఫర్మ్ కావాలి, ఆ తర్వాతే హోటల్‌కు కార్డు వాడాలి. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. కాబట్టి ప్రయాణానికి మూడు నెలల ముందు కార్డులు వెతికి పెట్టుకుని, రెండు నెలల ముందు రైలు చేసుకుని, వెంటనే హోటల్ చేస్తే టెన్షన్ ఉండదు. మాకు హోటల్ ₹9,600 అయితే ట్రావెల్ కార్డులు ₹5,000 పోను మిగతా ₹4,600 క్రెడిట్ కార్డుతో కట్టాం.

తక్కువ ధరకు గిఫ్ట్ కార్డులు అమ్ముతాం అని టెలిగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి దయచేసి కొనకండి. వాడేసిన కోడ్ ఇస్తారు, లేదా మీరు డబ్బు వేశాక మాయమవుతారు. మీ కార్డు కోడ్, పిన్ ఫొటో ఎవరికీ పంపకండి, "చెక్ చేసి ఇస్తాం" అన్నా సరే. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కొనాలంటే మీ బ్యాంకు రివార్డు పేజీలో తగ్గింపుకు వచ్చేవి కొనండి, అవి కూడా బుక్ చేయబోయే మొత్తానికి సరిపడా మాత్రమే.

చివరికి ఏదో కార్డులో ₹37, ₹82 లాంటి చిల్లర మిగులుతుంది. అమెజాన్ లాంటి దాంట్లో అయితే తర్వాతి నెల రీఛార్జ్‌లో కలిపేయండి, షాపు కార్డు అయితే ఇంకోసారి వెళ్ళినప్పుడు బిల్లులో ముందు దాన్నే వాడమని కౌంటర్‌లో చెప్పండి.